ఐదు లీటర్ల శానిటైజర్ డబ్బా: సరుకు మంచిదే, ఇంట్లోకి మాత్రం వద్దు

విశాఖలో పూర్ణా మార్కెట్, జగదాంబ వైపు మెడికల్, సర్జికల్ షాపుల్లో శానిటైజర్ మూడు రకాలుగా అమ్ముతారు: పంపు సీసాలో జెల్, స్ప్రే సీసాలో నీళ్లలాంటి ద్రవం, అదే ద్రవం ఐదు లీటర్ల డబ్బాలో. కరోనా మొదట్లో కొరత చూసి 200 మిల్లీలీటర్లకు 100 రూపాయలు మించకూడదని కేంద్రం ధర కట్టింది. ఆ పరుగులోనే డబ్బాలు ఇళ్లలోకి వచ్చాయి. లీటరు లెక్కన చవకే మరి.

ముందు లేబుల్ మీద ఆల్కహాల్ శాతం చూడండి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో 10 లీటర్లకు 96 శాతం ఇథనాల్ (మద్యంలో ఉండే ఆల్కహాలే) 8,333 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417, 98 శాతం గ్లిజరిన్ 145, మిగతాది కాచి చల్లార్చిన నీరు. అంటే ఆల్కహాల్ 80 శాతం. పెరాక్సైడ్ వేసేది చేతుల కోసం కాదు, డబ్బాలో చేరిన స్పోర్‌లను (క్రిముల గట్టి బీజరూపాలను) చంపడానికి. అందుకే కలిపాక 72 గంటలు ఆగాకే వాడాలి. 60 శాతం లోపుంటే తీసుకోవద్దు. 95 ఉంటే ఇంకా మేలనీ అనుకోవద్దు, నీరు లేకపోతే క్రిమిలోని ప్రోటీన్ సరిగా విరగదు. బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు లేని డబ్బా ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి.

వాడకంలో ద్రవమే హాయి. గ్లిజరిన్ ఎక్కువైన జెల్ మన ఉక్కపోతలో జిడ్డుగా అంటుకుంటుంది. ఏదైనా అరచేతి నిండా తీసుకుని 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. రెండు చుక్కలతో లాభం లేదు. పూర్తిగా ఆరాకే స్టవ్ దగ్గరికి వెళ్లండి. ఆల్కహాల్ మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు.

అసలు పేచీ డబ్బాతోనే. ఇంట్లో రోజూ తాగే మనిషి ఉంటే అది మందు సీసా కిందే లెక్క. 2020 మేలో మన రాష్ట్రంలో మద్యం ధరలు 75 శాతం పెరిగాయి. ఆ జులై నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. కల్తీ డబ్బాలో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉండొచ్చు. అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. వాసనతోగానీ మంట రంగుతోగానీ ఇంట్లో తేల్చుకోలేం. పైగా ఇథనాల్ కూడా కలిసుంటే లక్షణాలు ఇంకా ఆలస్యంగా బయటపడతాయి, ఎందుకంటే రెండింటినీ విరిచే ఎంజైమ్ ఒక్కటే, అది ముందు ఇథనాల్‌నే పట్టుకుంటుంది. రాత్రి బాగానే ఉన్నాడని ఊరుకున్న మనిషికి తెల్లారేసరికి చూపు మసకబారుతుంది.

కాబట్టి ఇంటికి 100 మిల్లీలీటర్ల సీసా చాలు. డబ్బా ఆఫీసులకి, క్లినిక్కులకి సరే, తాళం వేసిన గదిలో ఉంటే. కూల్‌డ్రింక్ సీసాల్లోకి వంచి దాచడం మాత్రం శుద్ధ తప్పు. రోజూ తాగే మనిషికి మందు మానేసిన మొదటి రోజే చేతులు వణుకుతుంటే, రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతి తప్పడం దాకా రావొచ్చు. అలాంటివాళ్లని తిట్టి గదిలో పెట్టకుండా విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్), వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో తీసుకెళ్లాలి. శానిటైజర్ తాగారని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నాలు మాని వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ సీసా కూడా పట్టుకెళ్లండి. లేబుల్ అబద్ధమైనా, అడుగున మిగిలిన చుక్కలు పరీక్షకు పనికొస్తాయి.