పాత మిద్దె: బిల్డర్‌కి ఇవ్వాలా, మనమే మూడు ఫ్లాట్లు చేసుకోవాలా? ఏది మేలు?

నెల్లూరు మూలాపేటలో మా తాత కట్టించిన మిద్దె ఉంది. స్థలం 48 అంకణాలు, ముందు 32 అడుగులు, లోతు 108. వాటాదారులు ముగ్గురు, మా నాన్న, చిన్నాన్న, మేనత్త. ఏడాదిగా ఇంట్లో ఇదే మాట, పడగొట్టి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దామా లేక గోడలు ఉంచుకుని మూడు ఇళ్లుగా మార్చుకుందామా అని. రెండూ లెక్కలేసి చూశా, ఇలాంటి ఇల్లు ఉన్నోళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

బిల్డర్లు చెప్పేది, కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, ఎనిమిది ఫ్లాట్లు, చెరి సగం. మన చేతి నుంచి పెద్దగా డబ్బు పడదు, లిఫ్టు వస్తుంది, కారు లోపల పెట్టుకోవచ్చు, కొత్త ఫ్లాట్ అంటే బ్యాంకు లోను కూడా సులువు. ఇవన్నీ నిజమే. కానీ నేల లెక్క చూడండి. మన నెల్లూర్లో అంకణం అంటే 72 చదరపు అడుగులు (తిరుపతిలో 36, అక్కడి చుట్టాలతో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి). 48 అంకణాలు ఎనిమిది ఫ్లాట్లకి పంచితే ఒక్కోదానికి అవిభాజ్య వాటా (నేలలో ఆ ఫ్లాటుకి వచ్చే విడదీయని భాగం) 6 అంకణాలే, మన నాలుగు ఫ్లాట్లకి 24, ముగ్గురికి పంచితే తలా 8. ఇల్లు ఉంచుకుంటే తలా 16. పైగా నాలుగు ఫ్లాట్లు ముగ్గురికి ఎట్లా పంచాలి, ఆ నాలుగోదాని మీదే రేపు గొడవ మొదలవుద్ది.

ఇంకోటి, పాత మిద్దె పక్కింటి గోడకి ఆనుకుని స్థలమంతా వాడుకుంది. కొత్తది కట్టాలంటే రెండు పక్కలా సెట్‌బ్యాక్ (హద్దు నుంచి ఖాళీ జాగా) వదలాలి, 32 అడుగుల్లో కట్టడానికి మిగిలేది ఇరవై అడుగుల చుట్టూ. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్ పోను గదులు ఎంత వస్తాయో ప్లాన్ మీద కొలుచుకోండి, మెట్లు, కారిడార్ వాటా కూడా కలిపి చెప్పే సూపర్ బిల్టప్ అంకె కాదు, గోడల లోపల మనం వాడుకునే కార్పెట్ ఏరియా అడగండి.

ఫ్లాట్లు కొనేవాళ్లకి రక్షగా తెచ్చిన రెరా చట్టం ఉందిగా అనుకోవద్దు. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా ఆ 2016 చట్టం కింద ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 75 అంకణాలు, టౌన్లో మా లాంటి పాత ఇళ్లు చాలా వరకు దాని లోపలే. అప్పుడు మీ రక్ష అంతా అగ్రిమెంటే, ఆలస్యమైతే నెలకి ఎంత అద్దె, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టింది ప్లాన్ ప్రకారమే, ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం) ఎవరు తేవాలి, మన ఫ్లాట్లు చేతికి రాకముందే బిల్డర్ తన వాటా ఫ్లాట్లు అమ్ముకునేలా జీపీఏ (మన తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) ఇవ్వాలా వద్దా, ఇవన్నీ లాయర్‌తో రాయించుకోవాల్సిందే.

ఇక మార్చుకునే దారి. మాది మద్రాస్ టెర్రస్, టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు సున్నంతో పేర్చిన కప్పు, 18 అంగుళాల గోడలు. మే నెలలో బయట 40 దాటినా మా నడవలో మధ్యాహ్నం నిద్ర పడుతుంది, ఆ గోడలు పోతే మళ్లీ రావు. కింద ముందు ఒకటి, వెనక ఒకటి, మేడ మీద ఒకటి, బయట నుంచి మెట్లు, వేరు వేరు కరెంటు మీటర్లు. అసలు చిక్కు బాత్రూములు. టేకు కప్పు మీద బాత్రూం పెట్టొద్దు, లీకేజీ మొదలైతే దూలం లోపల్లోపలే కుళ్లుతుంది, బయటికి కనపడేసరికి ఆలస్యమవుతుంది. అందుకే వెనక పెరట్లో విడిగా పిల్లర్లు లేపి కాంక్రీటు స్లాబుతో బాత్రూములు, వంటగదులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా అనుకుంటున్నాం. సున్నం గోడకి సిమెంటు పూత పూస్తే చెమ్మ బయటికి పోలేక ఉప్పు పొంగి పెచ్చులూడుతుంది, మళ్లీ సున్నమే పూయాలి, తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం. పైన ఇంకో అంతస్తు ఆశ మాత్రం పెట్టుకోవద్దు. ఖర్చు మనదే, మున్సిపల్ అనుమతి కావాలి, పార్కింగ్ రాదు.

మొత్తం అమ్మేసి పంచుకోవడం ఎవరూ ఆ ఇంట్లో ఉండని వాళ్లకే సరి.

గోడలు మట్టి కట్టుబడి అయినా, పగుళ్లు పారినా, వాటాదారులు ఏడెనిమిది మంది ఉన్నా బిల్డరే మేలు. మా ఇంటికి మాత్రం మార్చుకోవడమే నయం అని నా మాట. మేనత్తకి మోకాళ్లు నొప్పులు, కింద వెనక భాగం ఆమెకే అని ముందే ఒప్పుకున్నాం. వచ్చే వారం ఇంజనీరు వచ్చి దూలాల చివర్లు గోడలో ఎట్లా ఉన్నాయో, చెదలు పట్టాయేమో గీకి చూస్తానన్నాడు, ఎక్కడైనా మెత్తబడి ఉంటే అక్కడ ఇనుప గర్డర్లు వేయించాలి.