వాన్‌నైస్ నుంచి కామరిల్లో: సెస్నాలో భోజనానికి వెళ్లేవాళ్లకు

లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల చిన్న విమానంలో మధ్యాహ్న భోజనానికి ఎక్కడికెళ్లాలి అంటే మొదట చెప్పాల్సిన పేరు కామరిల్లో ఎయిర్‌పోర్టు. వాన్‌నైస్ ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా పడమటికి 30 నాటికల్ మైళ్లు, నాలుగు సీట్ల సెస్నా 172లో గాల్లో ఉండేది 20 నిమిషాలకు అటూ ఇటూ. దగ్గర కావడం ఒక్కటే కారణం కాదు. వాన్‌నైస్‌కి తూర్పున బర్‌బ్యాంక్ క్లాస్ సి, దక్షిణాన లాస్ ఏంజెలెస్ క్లాస్ బి గగనతలాలు ఉంటాయి, అంటే పెద్ద విమానాల రద్దీ వల్ల కంట్రోలర్ల అదుపులో ఉండే ఆకాశం. పడమటికి తిరిగితే రెండూ వెనకే ఉండిపోతాయి. 101 ఫ్రీవేని చూసుకుంటూ థౌజండ్ ఓక్స్ దాటి, కొనేహో గ్రేడ్ అనే కొండవాలు అవతలికి దిగితే పొలాల మధ్య రన్‌వే కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు 4,500 అడుగులు, వచ్చేటప్పుడు 3,500 సరిపోతాయి.

చిక్కంతా వాతావరణంతోనే. మే, జూన్ నెలల్లో వాన్‌నైస్‌లో ఎండ కాస్తున్నా కామరిల్లో మీద సముద్రం నుంచి వచ్చిన మబ్బు నేలకి 800 అడుగుల ఎత్తులో మూత పెట్టినట్టు ఉంటుంది. టవర్ ఉన్న ఎయిర్‌పోర్టులో మామూలు వీఎఫ్ఆర్‌కి (కంటితో చూస్తూ ఎగరడానికి) మబ్బు కనీసం 1,000 అడుగుల ఎత్తులో ఉండాలి, 3 మైళ్ల దూరం కనిపించాలి. అంతకంటే తక్కువ ఉన్నా టవర్ అనుమతితో దిగే స్పెషల్ వీఎఫ్ఆర్ అడగొచ్చు కదా అంటారు కొందరు. చుట్టూ కొండలు పెట్టుకుని, ఆమ్లెట్ కోసం ఆ పని ఎందుకు? పది, పదకొండు గంటలకు మబ్బు చాలా రోజుల్లో విడిపోతుంది. ఎయిర్‌పోర్టు వాతావరణ నివేదిక మెటార్‌ని ఒకసారి చూసి వదిలేయకుండా గంట గంటకూ చూస్తే ఎత్తు పెరుగుతోందో లేదో తెలుస్తుంది. శీతాకాలంలో, శరదృతువులో శాంటా ఆనా గాలులు వీచే రోజు ఆకాశం అద్దంలా ఉన్నా కనుమల దగ్గర కుదుపులు గట్టిగా ఉంటాయి. మొదటిసారి ఎక్కేవాళ్లను ఆ రోజు తీసుకెళ్లొద్దు. అడవులు తగలబడే కాలంలో దారి మధ్యలోనే ఆంక్షలు పెడతారు కాబట్టి బయల్దేరే ముందు నోటమ్‌లు (పైలట్లకు ఇచ్చే హెచ్చరికలు) చూడటం తప్పనిసరి.

రేడియోలో వచ్చే ఎయిర్‌పోర్టు సమాచారం, ఏటిస్, విన్నాక, పది మైళ్ల దూరంలో టవర్‌ని పిలిచి, ఎక్కడున్నారో, ఎంత ఎత్తులో ఉన్నారో, దిగి ఆగుతాం అనడానికి ఫుల్ స్టాప్ అని చెప్పండి. రన్‌వే 8/26 పొడవు 6,013 అడుగులు, వెడల్పు 150. ఒకప్పటి ఆక్స్‌నార్డ్ ఎయిర్ ఫోర్స్ బేస్ ఇది, అందుకే అంత విశాలం. వాన్‌నైస్‌లో చిన్న విమానాలు దిగే 16ఎల్ రన్‌వే వెడల్పు దీంట్లో సగమే. ఇరుకు రన్‌వేకి అలవాటుపడిన కళ్లకు వెడల్పు రన్‌వే మీదికి వస్తుంటే, ఉన్నదానికంటే కిందికి వచ్చేసినట్టు అనిపిస్తుంది. దాంతో చాలామంది ముందే ముక్కు ఎత్తేస్తారు. విమానం పది అడుగుల ఎత్తులో తేలి, దభీమని పడుతుంది. రన్‌వే చివరి అంచు మీద చూపు నిలిపితే ఈ భ్రమ తగ్గుతుంది. ఇంకోటి: శాంటా బార్బరా వైపు నుంచి వచ్చేవాళ్లకు ముందు ఆక్స్‌నార్డ్ రన్‌వే కనిపిస్తుంది. దాదాపు అదే దిశ, అదే పొడవు. కంపాస్‌తో, జీపీఎస్‌తో సరిచూసుకోకుండా దిగేయకండి.

వే పాయింట్ కెఫే ర్యాంప్ (విమానాలు ఆపే చోటు) పక్కనే. బయటి బల్లల దగ్గర కూర్చుంటే దిగే విమానాలు కనిపిస్తాయి. బర్గర్లు, ట్రై టిప్ మాంసం అక్కడి ప్రత్యేకత. బీఫ్ తినని మనవాళ్లకు ఆమ్లెట్, గ్రిల్డ్ చీజ్ లాంటివి ఉంటాయి. గుడ్డు కూడా ముట్టనివాళ్లు ఫ్రైస్‌తో సరిపెట్టుకోవాలి, లేదా ఇంటి నుంచి పులిహోర డబ్బా తెచ్చుకోవాలి. శని, ఆదివారాల్లో పన్నెండింటికి వెళ్తే నిలబడాల్సి వస్తుంది. పదకొండున్నరకే చేరితే మేలు. సాయంత్రం తెరిచి ఉంటుందనుకోకండి. ఆపేటప్పుడు విమానం తోక బల్లల వైపు లేకుండా చూసుకోవాలి. ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆ దుమ్మంతా తినేవాళ్ల పళ్లాల్లోకి వెళ్తుంది. చాక్‌లు (చక్రాలకు పెట్టే దిమ్మెలు), కట్టే తాళ్లు, టో బార్ (విమానాన్ని లాగే కడ్డీ) మీవి మీరే తీసుకెళ్లండి.

ఇంకా రెండు చోట్లు ఉన్నాయి. కామరిల్లోకి ఉత్తరాన కొద్ది మైళ్లలో శాంటా పౌలా: టవర్ లేదు, రన్‌వే 60 అడుగుల వెడల్పు, 2,700 అడుగుల పొడవు. పాత విమానాలంటే ఇష్టమైనవాళ్లకు ఇదే స్వర్గం. నెలలో మొదటి ఆదివారం హ్యాంగర్ల మ్యూజియం తెరుస్తారు. కానీ ఇరుకు రన్‌వే మీద పైన చెప్పిన భ్రమ తలకిందులవుతుంది: ఎత్తులో ఉన్నట్టు అనిపించి బాగా కిందికి దిగిపోతారు. రేడియో లేని విమానాలూ తిరుగుతుంటాయి, కళ్లే ఆధారం. వాన్‌నైస్‌కి తూర్పున చైనో 45 మైళ్లు. ప్లేన్స్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలను ఇప్పటికీ ఎగిరే స్థితిలో ఉంచారు. రోజంతా కేటాయిస్తేనే అక్కడికి వెళ్లాలి. దారిలో బర్‌బ్యాంక్, ఆంటారియో క్లాస్ సి గగనతలాలు తగులుతాయి. కొత్త లైసెన్సు చేతికొచ్చిన వారమే చైనో వద్దు.

బరువు లెక్క భోజనానికి ముందే వేయాలి. సెస్నా 172ఎస్‌లో మనుషులకు, ఇంధనానికి, సామానుకు కలిపి సుమారు 880 పౌండ్లు. ట్యాంకులు నిండా 53 గ్యాలన్లు పోస్తే 318 పౌండ్లు దానికే పోతాయి. మిగిలిన 560 పౌండ్లలో నలుగురు పెద్దవాళ్లు పట్టరు. ట్యాంకులోని ట్యాబ్ గుర్తుల దాకా, అంటే 35 గ్యాలన్లు పోస్తే 670 మిగులుతాయి. రానూపోనూ పట్టేది 12 గ్యాలన్లు, పగటి వీఎఫ్ఆర్‌కి అరగంట నిల్వ ఉండాలి. కాబట్టి 35 ధారాళం. అయినా ముగ్గురితో వెళ్లడమే హాయి.

తిరుగు ప్రయాణంలో ఎక్కువమందిని ఏడిపించేది వేడి ఇంజిన్. భోజనం చేసే గంటలో ఇంజిన్ వేడికి గొట్టాల్లో ఇంధనం ఆవిరైపోతుంది. పొద్దున చేసినట్టే ప్రైమ్ చేస్తే (ముందుగా ఇంధనం పంపితే) ఇంజిన్ ఇంధనంలో మునిగిపోయి అసలు అంటుకోదు. మిక్స్‌చర్ (ఇంధనం మోతాదు మార్చే నాబ్) పూర్తిగా లాగి ఉంచి, థ్రాటిల్ (ఇంజిన్ శక్తి మార్చే నాబ్) అర అంగుళం తెరిచి స్టార్టర్ తిప్పండి. అంటుకోగానే మిక్స్‌చర్‌ని నెమ్మదిగా ముందుకు తోయండి. మునిగిందనిపిస్తే మిక్స్‌చర్ అలాగే ఉంచి, థ్రాటిల్ సగానికి పైగా తెరిచి తిప్పి, అంటుకున్న వెంటనే థ్రాటిల్ వెనక్కి, మిక్స్‌చర్ ముందుకు. 10 సెకన్లు తిప్పితే 20 సెకన్లు స్టార్టర్‌కి విశ్రాంతి ఇవ్వాలి. వరుసగా మూడుసార్లకు రాకపోతే పది నిమిషాలు ఆగండి.

ఖర్చు: గంటకు 180 డాలర్ల అద్దె, ఇంధనంతో కలిపి, అనుకుంటే ట్యాక్సీ (నేల మీద నడపడం), రన్అప్ (ఎగిరే ముందు ఇంజిన్ పరీక్ష)తో కలిపి 1.3 గంటలు, 234 డాలర్లు. బయట ఇంధనం పోస్తే అద్దెకిచ్చినవాళ్లు తమ పంపు ధర వరకే తిరిగిస్తారు, అందుకే కామరిల్లోలో ట్యాంకు నింపుకోవడం తరచు నష్టమే. ప్రైవేట్ పైలట్ అద్దె, ఇంధనం, ఆయిల్, ఎయిర్‌పోర్టు ఫీజులను ప్రయాణికులతో పంచుకోవచ్చు, కానీ తన వాటా తాను కట్టాల్సిందే. ముగ్గురైతే 234లో 78 డాలర్లు పైలట్ జేబులోంచే రావాలి. తీసుకెళ్లే ముందు, గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేశారో లేదో లాగ్‌బుక్‌లో చూసుకోండి.