మొయినాబాద్ సైడు ఫామ్ ప్లాట్లు చూస్తున్నోళ్లు, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

ఇప్పుడే ఆ ప్లాట్లు అమ్మే కంపెనీ ఆఫీసు నుంచి వచ్చిన, తల ఇంకా వేడిగనే ఉంది, తప్పులుంటే సర్దుకోండి. కంపెనీ పేరు రాయను, లీగల్ నోటీసు పంపుతమని ముందే బెదిరించిన్రు, కానీ ఆ రోడ్డుల తిరిగేటోళ్లకు ఎవరో అర్థమైపోతది. రెండు గుంటలు అంటే 242 గజాలు, చుట్టూ ఫెన్సింగు, మామిడి మొక్కలు, వీకెండ్ ఇల్లు. సైట్ విజిట్‌కు కారు పెట్టి, బిర్యానీ తినిపించి, అదే రోజు రెండు లక్షలు అడ్వాన్స్ గుంజిన్రు. నా జీవితంల అంత కాస్ట్‌లీ బిర్యానీ ఇంకోటి లేదు.

అడగకుండా ఇచ్చిన అనుకోకండి. ఈ ఊరు 111 జీవోల (హైదరాబాద్ జంట జలాశయాల చుట్టూ కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన సర్కారు ఉత్తర్వు) ఉంది కదా అని అక్కడే అడిగిన. "అన్నా, అది 2022లనే ఎత్తేసిన్రు, 69 జీవో చూడు" అని వాళ్ల సేల్స్ పిలగాడు ఫోన్‌ల పీడీఎఫ్ తీసి, ఆంక్షలు తీసేస్తున్నం అన్న లైను వేలు పెట్టి మరీ చూపెట్టిండు. ఆ లైన్‌తోనే ఇంకో షరతు కూడా ఉంది, ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట), హిమాయత్‌సాగర్ నీళ్లు ఏ రకంగా కూడా పాడు కావొద్దని, గైడ్‌లైన్స్ కోసం సీఎస్ (ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి) అధ్యక్షతన కమిటీ అని. వేలు అక్కడిదాకా పోలేదు మరి. 1996ల 84 ఊర్లకు, దగ్గరదగ్గర 1.32 లక్షల ఎకరాలకు 111 జీవో పెట్టిందే ఆ రెండిట్లకు వచ్చే నీళ్ల కోసం.

సరే, 111 ఉన్నా పోయినా వీళ్లకు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) లేఔట్ పర్మిషనే లేదు, పొలాన్ని ముక్కలు చేసి గుంటల లెక్కన అమ్ముతున్నరు అంతే. ఇది బ్యాంకు లాయరు నా లోన్ ఫైలు వాపస్ ఇస్తూ చెప్పిండు. ఇంకో ముచ్చట కూడా ఆయనే చెప్పిండు, ప్లాటు వెనక "చిన్న కాలువ" అని వీళ్లన్నది విలేజ్ మ్యాపుల వాగు. వాగు వెడల్పు 10 మీటర్లు దాటితే హద్దు నుంచి 9 మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలె. 242 గజాలల్ల అది వదిలితే నాకు మిగిలేది మామిడి మొక్కలే.

పైసలు వాపస్ అడుగుదామని పోతే అసలు సినిమా అక్కడ. అదే పిలగాడు, నిన్నటిదాకా అన్నా అన్నా అన్నోడు, "చెప్పండి సార్" అంటుండు. ఇల్లు కట్టుకోవచ్చన్నవ్ కదా అంటే "మేం అమ్మింది అగ్రికల్చర్ ల్యాండ్ సార్, ఇల్లు అని ఎవరన్నరు?" బ్రోచర్ మీద ఇల్లు బొమ్మ చూపెట్టిన. "అది ఊహాచిత్రం, కింద రాసుంది చూడండి." నిజంగనే రాసుంది, చీమ తలకాయంత అక్షరాలతోని. గొంతు పెంచేసరికి మేనేజర్ వచ్చిండు, పక్క సోఫాల కొత్తగ వచ్చిన మొగుడు పెండ్లాలు వింటున్నరు, వాళ్ల ముందరనే "చదువుకున్నోళ్లే కదా మీరు, జీవో మొత్తం చదువుకొని రావాలె, మా పిల్లల మీద అరిస్తే ఎట్ల" అని, కూల్‌గ నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపిండు. గండిపేట నీళ్లేనా అని అడగాల్సింది, కోపంల మాట రాలే. అడ్వాన్స్ నాన్ రిఫండబుల్ అంట, రసీదు వెనక ఉందంట. ఆ సోఫాల దంపతులను కూడా బయట ఆగి హెచ్చరిద్దామనుకున్న, సెక్యూరిటీ ఆగనియ్యలేదు.

కొనేటోళ్లు హెచ్‌ఎండీఏ లేఔట్ నంబరు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి, చెరువు పక్కనైతే హెచ్‌ఎండీఏ లేక్స్ సైటుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగ నిండితే నీళ్లు వచ్చే హద్దు) మ్యాపు చూడండి, రిజిస్ట్రేషన్ అయితది కదా అంటే నమ్మకండి, రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఇంటి పర్మిషన్ రాదు. ఇదే వెంచర్‌ల అడ్వాన్స్ కట్టినోళ్లు ఎవరన్నా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, రెరాల కలిసి కంప్లైంట్ ఇద్దాం, రసీదు రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి.