ఆర్కే బీచ్ నుంచి అరసవల్లికి: స్టెంట్ పడ్డాక నా తొలి సైకిల్ యాత్ర

ఈసీజీ మిషన్‌లో పెట్టే కాగితం చుట్టను మీలో చాలామంది చూసి ఉండరు. అరచేతిలో పట్టేస్తుంది. 2023 ఆగస్టులో ఒక ఉదయం ఆ చుట్ట లేక నాకు నలభై నిమిషాలు పోయాయి.

సైకిల్ మీద ఎత్తు ఎక్కుతుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయింది. ఎడమ దవడ లాగింది. గ్యాస్ అనుకొని సోడా తాగాను. చెమట ఆగకపోయేసరికి దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి వెళ్లాను. మిషన్ ఉంది, కాగితం అయిపోయింది. పాత మిషన్ కావడంతో తెర మీద చూసే వీలూ లేదు. కాగితం కోసం మనిషిని పంపి, అది వచ్చి, గుండెపోటని తేలి, విశాఖలో స్టెంట్ వేసేసరికి కండరం కొంత దెబ్బతింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ బయటికి తోసే రక్తం వంతు, అంటే పంపింగ్, 45 శాతమే ఉందన్నారు.

అందుకే మళ్లీ సైకిలెక్కితే ఆ కాగితానికి విరాళాలు పోగుచేయడానికే ఎక్కాలనుకున్నాను. ఆ డబ్బు విశాఖలోని కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) ఇవ్వమని చాలామంది చెప్పారు. 1923 నుంచి ఉత్తరాంధ్రకీ, పక్కనున్న ఒడిశా జిల్లాలకీ అదే పెద్ద దిక్కు, కాదనను. కానీ రోగి అక్కడికి చేరేలోపు జరగాల్సింది చాలా ఉంది. గుండెపోటు తెచ్చే రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ని ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని చిన్న ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఉచితంగా ఇస్తున్నారు. ఈసీజీ చూడందే దాన్ని ఇవ్వరు. కాబట్టి మా డబ్బు దారిలో ఉన్న చిన్న ఆసుపత్రులకే అని తేల్చేశాను.

డాక్టరుగారు ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, పంపింగ్ 52కి వచ్చిందని చూశాకే సరేనన్నారు. మూడు షరతులు పెట్టారు. రోజుకు అరవై కిలోమీటర్లు దాటకూడదు, పక్కన మనిషి ఉండాలి, ఎండెక్కే లోపు ఆగిపోవాలి. గుండె వేగాన్ని తగ్గించే మాత్ర వేసుకుంటున్నాను కాబట్టి చేతి వాచీలో కనిపించే అంకెను నమ్మొద్దన్నారు. తొక్కుతూ మాట్లాడగలిగితే ఫరవాలేదు, మాట తెగిపోతుంటే దిగాలి. స్కూటీ మీద వెనకాలే వచ్చిన మా బావమరిది ప్రతి ఎత్తులోనూ "బావా, పదమూడో ఎక్కం!" అని అరిచేవాడు. కైలాసగిరి కింద ఎత్తులో పదమూడు ఆర్లు దగ్గర ఊపిరి అందలేదు. దిగి నడిచాను. ఒకప్పుడు అక్కడ దిగడం నాకు నామోషీ. ఇప్పుడు దిగడమూ తొక్కడంలో భాగమే.

2025 ఫిబ్రవరి చివరి వారంలో బయల్దేరాం. ఆ రోజుల్లో గాలి దక్షిణం వైపు నుంచి తిరుగుతుంది, ఉత్తరానికి వెళ్లేవాళ్లకి వెనక నుంచి తోస్తుంది. జనవరిలో అయితే ఎదురుగాలి, గుండె జబ్బు ఉన్నవాళ్లు వద్దనుకోవడమే మంచిది.

మొదటి రోజు ఆర్కే బీచ్ నుంచి భీమిలి, దాదాపు పాతిక కిలోమీటర్లు. రోడ్డు బాగుంది. రుషికొండ, తొట్లకొండ దగ్గర ఎత్తుపల్లాలున్నా, ఒక పక్క సముద్రం ఉండటంతో అలసట తెలియదు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర అరగంట ఆగాం. భీమిలిలో సముద్రం కనిపించే గది ఇస్తామన్నారు. తీరా చూస్తే అది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. అడిగితే కింద, వెనక వైపు గది ఇచ్చారు. సముద్రం కనిపించలేదు కానీ నిద్ర బాగా పట్టింది. వంటావిడ అడగ్గానే చేపల పులుసులో ఉప్పు తగ్గించి పెట్టింది. గుండె జబ్బు వచ్చినవాళ్లు గది బుక్ చేసేటప్పుడు కింది అంతస్తు దొరుకుతుందా అని ముందే అడగండి. ఆ ఊళ్లో రాత్రిపూట డాక్టరు ఉండే ఆసుపత్రి ఎంత దూరమో కూడా కనుక్కోండి.

రెండో రోజు గోస్తనీ దాటి తీరం వెంబడి భోగాపురం. దూరం తక్కువే. దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. స్టెంట్ పడ్డాక తొక్కుతున్నానని రాసి సైకిల్‌కి కట్టిన అట్ట ముక్క చదివించుకొని కొట్టు ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటి బాబూ, గుండెలో స్ప్రింగేసినాక సైకిలు తొక్కుతున్నావా? మా ముసలాయనకీ ఏసినారు. ఆరు నెల్లయింది, మంచం దిగడు. ఓపాలి లోనికొచ్చి చూడు."

లోపల ఆయన నులకమంచం మీద, చేతిని ఛాతీకి ఆనించుకొని కూర్చున్నాడు. సన్నగా అడిగాడు, "కదిలితే ఆ స్ప్రింగు జారిపోదా?"

ఆ భయం నాకూ ఉండేది. తుమ్ము వచ్చినా బిగబట్టేవాణ్ణి. నాకు డాక్టరుగారు చెప్పిందే ఆయనకూ చెప్పాను. దాన్ని రక్తనాళం గోడకి గట్టిగా నొక్కి పెడతారు, కొన్ని నెలల్లో దాని మీద లోపలి పొర పెరుగుతుంది, నడిస్తే జారదు. మాత్రలు మాత్రం మన అంతట మనం ఆపకూడదు. "ముందు మీ డాక్టర్ని అడిగి, గుమ్మం దాకా నడవండి అన్నా" అన్నాను. ఆయన గుమ్మం దాకా వచ్చాడు. సైకిల్ బ్రేకు రెండుసార్లు నొక్కి చూశాడు. ఈ యాత్రలో నాకు మిగిలిన వాటిల్లో అన్నిటికంటే విలువైనది ఆ ఐదు నిమిషాలే.

భోగాపురం దగ్గర హైవే పక్క లాడ్జిలో మాత్రం రాత్రంతా లారీల మోత. సైకిల్ లోపల పెట్టనివ్వలేదు. కునుకు పట్టక పొద్దున్నే నాడి చూసుకుంటే తేడాగా అనిపించి రెండు గంటలు ఆలస్యంగా బయల్దేరాను. రోడ్డుకి కిలోమీటరు లోపలికి వెళ్లినా సరే, నిశ్శబ్దంగా ఉన్న చోటే దిగండి.

మూడో రోజు జాతీయ రహదారి మీద శ్రీకాకుళం. అంచు వెడల్పుగా ఉంటుంది, తొక్కడం తేలికే. కానీ ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బైకులతో జాగ్రత్త. రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్లు హెల్మెట్, గ్లవ్స్ లేకుండా వెళ్లొద్దు. గొలుసు జారితే సరిచేస్తూ నేను వేలు కోసుకున్నాను, చిన్న గాటుకే రక్తం ఆగడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో చోడి (రాగి) అంబలి అమ్మే చోట ఆగండి. ఉప్పు వేయకుండా ఇమ్మంటే ఇస్తారు.

శ్రీకాకుళంలో దిగిన లాడ్జి పాతదే, కానీ సైకిల్ గదిలోకి తెచ్చుకోమన్నారు, ఐదింటికే వేడినీళ్లు ఇచ్చారు. మరుసటి ఉదయం అరసవల్లి. ఆరోగ్యం కావాలంటే సూర్యుణ్ణే అడగాలని మన పెద్దలు అంటారు. మార్చి 9 నుంచి స్వామి పాదాల మీద కిరణాలు పడే రోజుల్లో జనం విపరీతం. మేము అంతకుముందే వెళ్లడంతో ప్రశాంతంగా దర్శనమైంది. తిరుగు ప్రయాణానికి రైలెక్కాలంటే ఊరి నుంచి ఆమదాలవలస వెళ్లాలి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉండేది అక్కడే. సైకిల్‌ని లగేజీగా బుక్ చేస్తారు, కాస్త ముందుగా వెళ్లండి.

ఇక డబ్బు సంగతి. కిలోమీటరుకు పది రూపాయల లెక్కన మొదలుపెట్టాం. నూట ముప్ఫై మంది కలిసి ₹1,62,000 ఇచ్చారు. నగదు ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఒక ఈసీజీ మిషన్, నాలుగు ఆసుపత్రులకు ఏడాదికి సరిపడా కాగితం, జెల్లీ కొని, స్టాక్ రిజిస్టర్లో ఎక్కించి సంతకం తీసుకున్నాం. మీరూ ఇలా ఇవ్వాలనుకుంటే కాగితం వెడల్పు ముందే కనుక్కోండి. ఒకచోట సిస్టర్ పెట్టె విప్పి చూసి, "ఇవి 50 మిల్లీమీటర్లవి సార్, మా మిషన్‌కి 80 కావాలి" అంది. కొనేటప్పుడు అడగకపోవడం నా తప్పు. వారం తర్వాత మార్చి పట్టుకెళ్లాను.

ఆవిడ కొత్త చుట్ట వేసి, పని చేస్తోందో లేదో చూడ్డానికి నన్నే పడుకోమంది. కాగితం గరగరమంటూ వచ్చింది. వేడికి ఆ గీతలు కొన్నాళ్లకి మాసిపోతాయి, జిరాక్స్ తీయించుకోండి అని చెప్పి చేతికిచ్చింది. ఎదురుగా ఉన్న కొట్లో రెండు కాపీలు తీయించాను. ఒకటి ఫైల్లో ఉంది, రెండోది డాక్టరుగారికి ఇచ్చాను.