మందిరమా, ఇంటి ప్రార్థనా?

1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతుల సేవ నరసాపురంలో వేళ్లూనిన నాటి నుంచి గోదావరి డెల్టా క్రైస్తవులకు మందిరమంటే ఆరాధనకే కాక, పెళ్లికీ చావుకీ నలుగురూ కూడే చోటు. అమ్మ పోయిన వారానికే మా సంఘపెద్ద ఒకరు "విశ్వాసం చాలలేదు" అనడంతో నేను రెండేళ్లు ఇంట్లోనే ప్రార్థించుకున్నాను.

ఇంట్లో గాయాన్ని కెలికేవారుండరు. దుఃఖం పొంగితే పాటను సగంలోనే ఆపవచ్చు. అయితే జ్వరంతో మంచమెక్కిన నాలుగు రోజులూ నా తలుపు తట్టినవారు లేరు.

మందిరంలో ఆ పెద్ద ఇప్పటికీ ముందు వరుసలోనే కూర్చుంటారు, క్షమాపణ అడగలేదు. కానీ నేను తిరిగి వెళ్లిన ఆదివారం, చాపలు చుడుతున్న ఒక మామ్మగారు, అమ్మ పాడే పాటలో నేను మరచిన చరణాన్ని మెల్లగా అందించి, సాయంత్రం స్టీలు క్యారియరులో చేపల పులుసు పంపారు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. నిజానికి అదే నాకు హాయిగా తోచింది.

గాయం పచ్చిగా ఉన్నన్నాళ్లు ఇల్లే మేలని, ఆ తరువాత సొంత సంఘం కాకపోతే పక్క ఊరి లూథరన్ సంఘానికో, బ్రదరన్ సంఘానికో వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. నేను మాత్రం వెనుక చాప మీద, మామ్మగారి పక్కన కూర్చుంటున్నాను.