పసుపా, వేపా?

మందులకు లొంగని సూక్ష్మజీవులపై పరిశోధనకు ఈ రెండింటిలో ఏది మేలు? నిజామాబాద్ పసుపు కొమ్మును విరిస్తే లోపల ముదురు నారింజ రంగు మెరుస్తుంది. ఆ రంగు పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే పదార్థానిది. మందులకు లొంగని, పుండ్లలో చీము పట్టించే స్టాఫైలోకోకస్ బ్యాక్టీరియా పైపొరను అది దెబ్బతీస్తుందని, కొన్ని యాంటీబయాటిక్‌లకు మళ్లీ పదును తెస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. చిక్కల్లా, అది నీటిలో సరిగా కరగదు. మింగితే రక్తంలోకి చేరేది అతి స్వల్పం. అందుకే పైపూతగా వాడే దారిలోనే నాకు ఎక్కువ ఆశ.

వరంగల్‌లో వాకిలి దాటితే వేపచెట్టే. ఆకు రసం గాజుపళ్లెంలో సూక్ష్మజీవులను అణచినా, చెట్టుకూ చెట్టుకూ సారం మారుతుంది. పసిపిల్లలకు వేపనూనె తాగిస్తే ప్రాణాపాయం, దయచేసి వద్దు.

పరిశోధనకైతే నా ఓటు పసుపుకే. పుండు చీము పడితే మాత్రం వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లి, ఏ సూక్ష్మజీవి ఉందో తేల్చే కల్చర్ పరీక్ష అవసరమా అని వైద్యులను అడగండి.