కొత్త రచనలో లయ: నిలకడగా ఉంచితే మేలా, చెదరగొడితే మేలా?

కొత్తగా సంగీతం రాయడానికి కూర్చున్నప్పుడు ముందే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. వినేవాళ్లకి తాళం వేసుకునేంత నిలకడైన లయ ఇవ్వాలా, లెక్క అందకుండా చేయాలా?

మొదటి దారికి అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ 1972లో రాసిన ‘క్లాపింగ్ మ్యూజిక్’ చాలు. ఇద్దరు మనుషులు, చప్పట్లు, అంతే. వరస ఇది:

త త త – త త – త – త త –

12 అక్షరాలు, అంటే 12 సమానమైన లెక్కలు. 8 చప్పట్లు, 4 ఖాళీలు. ఒకరు చివరిదాకా దీన్నే కొడతారు. రెండోవారు కొంతసేపు కలిసి కొట్టి, తన వరసను ఒక్క అక్షరం జరుపుతారు. కాసేపటికి ఇంకొకటి. 12 సార్లు జరిపాక ఇద్దరూ మళ్లీ కలుస్తారు. వేగం మారదు, కొత్త దెబ్బ ఒక్కటీ చేరదు, అయినా జరిపిన ప్రతిసారీ కొత్త వరస వినిపిస్తుంది. ఎత్తుగడ (తాళంలో పాట అందుకునే చోటు) మార్చి పాడే పల్లవులు విన్న చెవికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. కింద లయ కదలదు కాబట్టే పైన ఏం కదిలిందో తెలుస్తుంది.

రెండో దారి ఫ్రెంచ్ స్వరకర్త ఒలివియే మెస్సియాన్‌ది. యుద్ధఖైదీగా గోర్లిట్జ్ శిబిరంలో ఉండగా 1941 జనవరిలో తొలిసారి వినిపించిన ‘క్వార్టెట్ ఫర్ ది ఎండ్ ఆఫ్ టైమ్’ నలుగురు వాయించే రచన. దాని మొదటి భాగంలో పియానోకి 17 నిడివుల వరస ఒకటి, 29 స్వరగుచ్ఛాల (కార్డ్‌ల) వరస ఇంకొకటి. రెండూ దేనికది తిరుగుతాయి. మళ్లీ ఒకేచోట మొదలవ్వాలంటే 493 దెబ్బలు పడాలి. అంతకు చాలా ముందే ఆ భాగం అయిపోతుంది! ఆ 17 ఎక్కడివంటే, శార్ఙ్గదేవుడి సంస్కృత సంగీత గ్రంథం ‘సంగీత రత్నాకరం’లోని రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ అనే దేశీ తాళాలవి. చేత్తో వేసే తాళంగా కాకుండా, వాటిలోని నిడివులను మాత్రమే ఆయన తీసుకున్నారు.

వినడానికి అద్భుతం, వాయించడానికే కష్టం. ఆరో భాగంలో నలుగురూ ఒకే బాణీని కలిసి వాయించాలి. మధ్యమధ్య అర దెబ్బ అదనంగా వచ్చి పడుతుంటుంది. పాదంతో దెబ్బ వేస్తే తప్పిపోతారు. అన్నిటికన్నా చిన్న అక్షరాన్నే మనసులో లెక్కపెట్టుకోవాలి. అంటే వినేవాళ్లకి లయ లేనట్టే, వాయించేవాళ్లకి ఇంకా సన్నటి లయ. రిహార్సల్‌కి తగినంత సమయం లేని బృందానికి ఇలాంటిది రాసివ్వడం అన్యాయం.

అందుకే మొదటి రచనకి నిలకడైన లయే మేలంటాను. అలాగని అది యంత్రంలా ఉండక్కర్లేదు. రైష్ 1976 నాటి ‘మ్యూజిక్ ఫర్ 18 మ్యుజీషియన్స్’లో పియానోలు, మరింబాలు (చెక్కపట్టీల వాద్యాలు) ఆగకుండా నడుస్తుంటాయి. వాటిమీద బేస్ క్లారినెట్లు, గొంతులు మెల్లగా పెరిగి తగ్గుతాయి. ఆ ఎత్తుపల్లాల నిడివి ఎంతంటే, వాయించే మనిషికి ఊపిరి నిలిచినంత. కండక్టర్ ఉండరు. తర్వాతి భాగానికి వెళ్లమని వైబ్రాఫోన్ (లోహపు పట్టీల వాద్యం) సైగ చేస్తుంది. నిలకడ, స్వేచ్ఛ రెండూ కావాలనుకునేవాళ్లు ముందు దీని స్కోరు (రాసిన స్వరలిపి) తెరవాలి.